బోసి గడప

"అమ్మ ఇక లేదు" అని ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. ఏడుపు రాలేదు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మాతో ఉన్న ఆరేళ్లలో మా అత్తగారికీ నాకూ ఒక్కరోజూ పడలేదు. ఇప్పుడు పడేదని రాస్తే ఆవిడే నవ్విపోతుంది.

పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో మాది అద్దె ఇల్లు. డిష్‌వాషర్‌లోంచి నేను తీసిన గిన్నెలు ఆవిడ మళ్లీ కడిగేది. "మిషన్‌కేం తెలుసే ఎంగిలి?" అనేది. మా పాపకి తెలుగు అర్థమవుతోందంటే ఆవిడ వల్లే. అదీ నన్ను తిడుతుంటే విని నేర్చుకుంది. శుక్రవారం తెల్లారేసరికి వీధి గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేది. తెల్ల పెయింటు మీద ఆ మరక ఓ పట్టాన పోదు. ఇల్లెలా ఉంచామో చూడ్డానికి ఏజెంటు ఇన్‌స్పెక్షన్ ఉందంటే నేను మోకాళ్ల మీద కూర్చుని తోమాలి.

"అద్దె ఇల్లు అత్తయ్యా, ఖాళీ చేయమంటారు."

"గడప బోసిగా ఉంటే ఇంట్లో మనుషులు లేరనుకుంటారే."

పోయిన స్కూలు సెలవుల్లో సియోల్ వెళ్లాం. పాప గోల పెడితే అక్కడి పట్టుబట్టలు అద్దెకు తెచ్చి కట్టుకుని, పాత రాజుల ప్యాలెస్‌కి బయల్దేరాం. ఆవిడ మాత్రం నేతచీర, పైన స్వెటర్, చేతిలో హ్యాండ్‌బ్యాగ్. మూతి ముడుచుకోకుండా అందరం కలిసి ఒక్క ఫొటో దిగాలని నా ఆశ. ఫోన్ సర్దుకుని తిరిగి చూస్తే ఆవిడ లేదు. పెద్ద ద్వారం దగ్గర చతికిలబడి, బ్యాగులోంచి డబ్బీ తీసి, సీసాలో నీళ్లతో పసుపు కలిపి ఆ కొయ్య గడపకి జానెడు మేర రాసేసింది.

"రాజుగారి గడప చూడవే, ఎంత బోసిగా ఉందో!"

"నానమ్మా, యు కాంట్ డూ దట్!" అని పాప అరిచింది. కాపలా మనిషి ఈల వేస్తూ పరుగెత్తుకొచ్చాడు. నేను వంగి వంగి సారీలు చెబుతూ, నా తెల్ల స్కార్ఫ్ తడిపి తుడిచాను. తర్వాత అంతమందిలోనూ అరిచాను.

"మతుందా అత్తయ్యా మీకు? ఇదేమన్నా మనిల్లా?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "పెర్త్‌లో ఉన్నదీ మనిల్లు కాదుగా అమ్మా. నీ ఇల్లు."

పెర్త్ వచ్చాక ఆవిడ మా గడప ముట్టుకోలేదు. గిన్నెలు మాత్రం మళ్లీ కడుగుతూనే ఉంది. "పసుపు రాయండి అత్తయ్యా" అని ఒక్క మాటంటే సరిపోయేది. అంటే ఓడిపోయినట్టని అనలేదు. ఆవిడ మీద నా కోపం ఇంకా పోలేదు. ఆ మాట అననందుకు నా మీద అంతకన్నా ఎక్కువ కోపంగా ఉంది.

కర్మకాండలన్నీ అయ్యాక వచ్చిన మొదటి శుక్రవారం ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచాను. డబ్బీలో పసుపు సియోల్‌లో మిగిలినంతే ఉంది. గుమ్మం దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, ఇన్‌స్పెక్షన్ ఈజ్ ఆన్ ట్యూస్డే!" అంది పాప.

"తెలుసు" అన్నాను.

పసుపు వంకరటింకరగా వచ్చింది. ఆవిడుంటే ఏమనేదో నాకు తెలుసు. బొట్లు కూడా పెట్టి, తడి ఆరేదాకా తలుపు తెరిచే ఉంచాను.