ఢిల్లీకి వెళ్ళిన పెరుగు

చెంచాడు తోడు దిగుమతికి అనుమతి అడిగితే ప్రభుత్వం రెండేళ్ళ ఏడు నెలలు నానబెట్టింది. అన్నాళ్ళూ నేను పెరుగన్నం లేకుండా బతికాను. ఈ అన్యాయాన్ని ఎవరూ రాయలేదు కనుక నేనే రాస్తున్నాను. మధ్యలో నా తెలివితక్కువతనం కూడా కాస్త తగులుతుంది, సర్దుకుపొండి.

ఎనభై ఆరు వేసవి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. అయిదో తరగతితో బడి మానేసినా, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పత్రికలు నమిలేసేవాణ్ణి. ఒకదాంట్లో కనబడింది: ఐరోపాలో ఏవో కొండల మీద జనం నూటపదేళ్ళు బతుకుతారట. అంతా వాళ్ళ పెరుగులోని సూక్ష్మజీవుల మహిమట. ఆ జీవులతో తోడు పొడి చేసే కంపెనీకి ఉత్తరం రాశాను. "పొట్లం ఉచితంగా పంపుతాం, ముందు మీ ప్రభుత్వ అనుమతి పంపండి" అన్నారు.

మా ఆవిడ అప్పలనరసమ్మ నడుం మీద చెయ్యేసింది.

"ఏటండీ, నా పెరుక్కేటొచ్చింది? ఈ క్వార్టర్ల లైనులో సగం కొంపలు నా తోడుతోనే పెరుగు తింతన్నాయి."

"నీ పెరుగు తిని నూటపదేళ్ళు బతికినోణ్ణి ఒక్కణ్ణి సూపించు!"

"అన్నేళ్ళు బతికి ఏటి సేస్తారు? రిటైరయ్యాక యాభయ్యేళ్ళు నా పేణం తింతారా?"

పక్క క్వార్టరు ఘోష్ దాదా గోడ మీంచి పకపకా నవ్వాడు. నాకు రోషం పొంగింది.

"ఆ పొడి వొచ్చీదాకా నీ పెరుగూ మజ్జిగా ముట్టనే!"

నెల్లాళ్ళ పనే కదా అనుకున్నాను లెండి.

ఇక ఢిల్లీకి పంపాల్సిన అనుమతి ఫారం. అందులో "నమూనా ఉంటే జతచేయండి" అని ఒక గడి. వర్క్‌షాపు మనిషి గడి ఖాళీగా వదలడు. వదిలితే కాగితం మొహాన కొడతారు. శాంపిల్ పీసు లేకుండా మా దగ్గర నట్టు కూడా కదలదు. పొడి ఇంకా రాలేదాయె. మా ఆవిడ చూడకుండా గిన్నెలోంచి పెరుగు తీసి, సీసాలో పోసి, లక్కతో సీలు వేసి, షాపు అలవాటు చొప్పున చీటీ కట్టాను: "తయారీ: అప్పలనరసమ్మ. స్థలం: మా వంటిల్లు." మే నెలలో, రిజిస్టర్డ్ పార్సిల్లో, ఢిల్లీకి! దారిలో ఆ సీసా ఎన్ని ముక్కులు మూయించిందో ఆ దేవుడికే తెలియాలి.

మూడు నెలలకు జాబు వచ్చింది: "మీరు కోరినది మందా, ఆహారమా, జీవమా?" నా పాండిత్యం ఊరుకుంటుందా? "జీవమున్న ఆహారం, మందులా పనిచేస్తుంది" అని రాశాను. ఫైలు మూడు శాఖలు పట్టి తిరిగింది. ఆపైన వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ ఒకటే ముక్క: "పరిశీలనలో ఉన్నది."

ఘోష్ దాదా మాత్రం రోజూ గోడ మీంచి పెరుగొచ్చిందా అని వాకబు చేసేవాడు: "కీ రావ్‌దా, దోయ్ ఏలో?"

వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. నేను ఖండాలు దాటాను. మూడు వేసవులు చారుతో సరిపెట్టాను. ఒకరోజు తట్టుకోలేక బజారు నుంచి బెంగాలీల తియ్య పెరుగు తెచ్చి (అది మా ఆవిడ పెరుగు కాదు, శపథానికి అడ్డు లేదు) అన్నంలో కలిపి ఆవకాయ నంజుకున్నాను. పెళ్ళిపందిట్లో తద్దినం పెట్టినట్టుంది.

"ఓ గరిటె ఎయ్యమంటారా?" అంది మా ఆవిడ, జాలిపడి.

"ఢిల్లీ నుంచి రానీ!"

చివరికి సీలేసిన కవరు వచ్చింది. లైనంతా మా వాకిట్లో చేరింది. గొంతు సవరించుకుని, తెలుగు చేస్తూ గట్టిగా చదివాను. సగంలోనే మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పూటే ఆవకాయ జాడీ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఇక జన్మలో ఖాళీ గడి చూసి ఉత్సాహపడను, తిండి మీద శపథం పట్టను. అయినా తప్పు ఢిల్లీదేనని ఇప్పటికీ అంటాను. ఉత్తరం ఇదిగో, మీరే తీర్పు చెప్పండి:

"అయ్యా, తమరు పంపిన నమూనా పరీక్షించబడినది. తమరు దిగుమతి చేసుకొనదలచిన సరుకు అదేనని భావించుచున్నాము. సదరు సరుకు తమ వంటింటిలోనే తయారగుచున్నట్లు చీటీలో తమరే పేర్కొన్నారు. స్వదేశమున లభించు సరుకుకు దిగుమతి అనుమతి ఇవ్వజాలము. కావలసినచో తయారీదారు శ్రీమతి అప్పలనరసమ్మ గారిని నేరుగా సంప్రదించగలరు."