భజన ఆపమన్న రోజు

2023 మార్చిలో నేను అవనిగడ్డ దగ్గర పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్నాను. దివిసీమలో మా పనంతా గేదెలతోనే. కోతికి వైద్యం చెయ్యమని వచ్చేవాళ్ళు ఉండరు కానీ, కోతుల మీద ఫిర్యాదు తెచ్చేవాళ్ళకు కొదవ లేదు. బొప్పాయి కాయలు కొరికేశాయనీ, పెంకులు లాగేశాయనీ నాకొచ్చి చెప్పేవారు, నేనేదో వాటి మేనత్తనైనట్టు.

నిజానికి కోతులంటే నాకు చిన్నప్పటి నుంచీ మక్కువే. మాది గూడూరు దగ్గర పల్లె. ఆదివారం ప్రార్థన జరుగుతుంటే చర్చి గోడ మీద కోతులు వరసగా కూర్చునేవి. నేను పాస్టరు గారి మాటలు వదిలేసి వాటినే చూసేదాన్ని. మా అమ్మ నన్ను కోతీ అని పిలిచేది. అది తిట్టని నాకు చాలా కాలం తెలియలేదు.

ఆ రోజు పొద్దున సముద్రం పక్కనున్న ఒక జాలరి పల్లె నుంచి ఫోన్ వచ్చింది. చేసింది పల్లె పెద్ద ఏడుకొండలు గారు. రొయ్యల చెరువుల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కిన ఆడకోతి కరెంటు కొట్టి కింద పడి చనిపోయిందట. దాని పొట్టను కరుచుకుని పిల్ల ఉందట. ఎవరు దగ్గరికెళ్ళినా పళ్ళు చూపిస్తోందట. తల్లిని సమాధి చెయ్యాలి కాబట్టి నేను వచ్చి పిల్లను విడదియ్యాలి.

మా వైపు కోతి చనిపోతే ఆంజనేయస్వామే పోయినట్టు మనిషికి చేసినవన్నీ చేస్తారు. అదే పల్లె వాళ్ళు, ఉన్న కోతులన్నిటినీ పట్టి దూరంగా వదిలెయ్యమని పట్టేవాళ్ళకు కబురు పెట్టారని కూడా నాకు తెలుసు. బండి ఎక్కుతూ మా అటెండరు సుబ్బారావు గారితో, బతికున్నవాటి మీద వీళ్ళకు దయ లేదని విసుక్కున్నాను.

మేం వెళ్ళేసరికి పడవలు ఒడ్డునే ఉన్నాయి. ఆ రోజు వేట మానేశారు. షామియానా కింద అరటాకు పరిచి, తల్లికోతిని పడుకోబెట్టి, పసుపు రాసి బంతిపూల దండ వేశారు. చేపలమ్మే నాగేశ్వరమ్మ తన కొత్త చీర కప్పింది. తాళాలతో, డోలకుతో భజన హోరెత్తుతోంది. సరుగుడు తోపు పక్కన గొయ్యి కూడా తవ్వేశారు. పిల్ల మాత్రం తల్లి రొమ్ము నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది.

పిల్లకు మత్తు ఇచ్చే ముందు తల్లి చనిపోయిందని నేను నిర్ధారించుకోవాలి. కార్నియల్ రిఫ్లెక్స్ అని ఒక పరీక్ష ఉంటుంది. దూదితో కంటిపాపను తాకితే, ప్రాణం ఉన్న జంతువుకు రెప్ప కదులుతుంది. తాకాను. కదిలినట్టే అనిపించింది. నా ఆశేనేమో అనుకుని ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టాను. చెవుల్లో డోలకు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"రెండు నిమిషాలు భజన ఆపించండి ఏడుకొండలు గారూ," అన్నాను.

"మధ్యలో ఆపకూడదండీ. స్వామికి అపచారం."

వెనక ఎవరో, ఆవిడ చర్చికెళ్ళే మనిషి, మన పద్ధతులు ఆవిడకేం తెలుస్తాయి అన్నారు. చెప్పులు షామియానా బయట విడిచే వచ్చాను. ఆ మాట గుచ్చుకుంది. అయినా కోపం తెచ్చుకునే సమయం కాదది.

"మీ దేవుణ్ణి ఆపమనట్లేదండీ. దీని గుండె వినాలి, అంతే."

ఆయన నా మొహం చూసి చెయ్యెత్తారు. తాళాలు ఆగాయి. సరుగుడు చెట్ల గాలి ఒక్కటే మిగిలింది. ఊపిరి బిగబట్టి విన్నాను. ఒకసారి కొట్టుకుంది. ఇక లేదనుకునేంతసేపటికి ఇంకోసారి కొట్టుకుంది. నా దేవుణ్ణి నేనూ తలుచుకున్నాను.

"బతికే ఉందండీ," అన్నాను. ముందుగా కదిలింది నాగేశ్వరమ్మే. పూలదండ లాగి పక్కన పడేసి, ఏం కావాలో చెప్పమ్మా అంది.

కరెంటు దెబ్బకు తోడు తలకు దెబ్బ తగిలితే జంతువు షాక్‌లోకి వెళ్తుంది. అంటే రక్తప్రసరణ పడిపోయి ఒళ్ళు చల్లబడుతుంది, నాడి వేలికి అందదు. ఎవరు చూసినా పోయిందనే అనుకుంటారు. సెలైన్ వెచ్చబెట్టి ఎక్కించాను. కూల్‌డ్రింక్ సీసాల్లో వేడినీళ్ళు పోసి, గుడ్డలు చుట్టి పక్కన పెట్టించాను. పిల్లను విడదియ్యలేదు. దాని ఒంటి వెచ్చదనం కూడా తల్లికి వైద్యమే.

మధ్యాహ్నానికి తల్లి కళ్ళు తెరిచింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. కుడిచెయ్యి మెల్లగా జరిగి పిల్ల వీపు మీదకు వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. సుబ్బారావు గారు అటు తిరిగి నిలబడ్డారు.

పొద్దుట్నుంచీ దాని కాళ్ళకు మొక్కిన జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఇప్పుడది కరిచే కోతి కదా.

"పోతే ఇక్కడ గుడి కట్టుకునేవాళ్ళం. బతికిందాయె. ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నారు ఏడుకొండలు గారు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు. "తవ్విన గొయ్యి ఖాళీగా ఉంచకూడదండీ. రేపు మా పిల్లలు వేటకెళ్ళాలి."

నవ్వొచ్చేదే, కానీ సముద్రం మీదకు మనుషుల్ని పంపేవాళ్ళ భయం అది. అందులో నేరేడు మొక్క పెట్టండి అన్నాను. అప్పుడే మిగతాదీ చెప్పాను. చుట్టూ ఉన్న నేరేడు చెట్లూ మేడి చెట్లూ కొట్టేసి చెరువులు తవ్వితే, అవి ఇళ్ళ మీదకు రాక ఎక్కడికి పోతాయి? నెత్తిన పాపిడి తీసి టోపీ పెట్టినట్టుండే ఈ జాతి మన దక్షిణాదిలో తప్ప ఇంకెక్కడా లేదు. ఊళ్ళ నిండా కోతులే అనుకుంటాం గానీ, ఉత్తరాది కోతులు దిగివస్తుంటే ఇవి తగ్గిపోతున్నాయి. పట్టి కొత్తచోట వదిలితే అక్కడి మందలు బతకనివ్వవు.

"ఒంటిచేత్తో, చంటిపిల్లతో దీన్ని ఎక్కడికి పంపుతారండీ?" అని అడిగాను.

నాగేశ్వరమ్మ ఆయన వైపు తిరిగి అంది: "పట్టేవాళ్ళను రావద్దని చెప్పు మావయ్యా. చీర కప్పింది నేను. నా ముందు దీన్ని సంచిలో కుక్కుతుంటే చూడలేను."

అటవీ శాఖ వాళ్ళ అనుమతితో కాలిన ఆ చెయ్యి నేనే తీసేశాను. గాయం మానాక పిల్లతో సహా సరుగుడు తోపులో వదిలాం. మంద దిగివచ్చి చుట్టూ మూగి, వాసన చూసి, తనలో కలుపుకుంది.

నేరేడు కాపుకొచ్చేదాకా ఆ మంద నిలుస్తుందో లేదో నాకు తెలియదు. నేను నేర్చుకున్నది ఒకటి మాత్రం చెప్పగలను. ఆ పల్లె వాళ్ళకు దయ లేదని బండి ఎక్కుతూ నేను విసుక్కున్నాను. దయ ఉంది. ప్రాణం పోయాక చూపించడం అలవాటైపోయిందంతే. దాన్ని కాస్త ముందుకు జరపడం కూడా మా వైద్యంలో భాగమే.

మొన్న ఏడుకొండలు గారు ఫోన్ చేసి, ఆ ఒంటిచేతిది మా వంటింట్లో దూరి అరటిపళ్ళ గెల మోసుకుపోయిందండీ అని చాలాసేపు తిట్టారు. అయితే పట్టేవాళ్ళకు కబురు పెడదామా అన్నాను.

"అంత మాటెందుకులెండి," అన్నారు. "కడుపుతో ఉంది."