మెడ తిప్పిన చిలక

చీరాల నేతపేటలో కోటేశ్వరికి రెండు పేర్లున్నాయి. ఎదురుగా పిలిచేది కోటేశ్వరమ్మగారు. వెనకాల అనేది దారాల డాక్టరు. ఆ రెండో పేరు ఆవిడకు తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉంటుంది, ఎందుకంటే లోపల్లోపల అదే ఎక్కువ ఇష్టం. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు దారాల బారు, అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు, పాత దారం కొసకు కొత్త దారం కొస చేర్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క నులుపుతో అతకాలి. ఒక పడుగుకు నాలుగు వేల పైచిలుకు దారాలుంటాయి. కోటేశ్వరి పొద్దున కూర్చుంటే చీకటి పడకముందే అన్నీ అతికి లేస్తుంది. ఈలోగా ఏ ఇంట్లో ఏం కూర వండారో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో అన్నీ మాట్లాడేస్తుంది. నోటి పని నోటిదే, చేతి పని చేతిదే. యాభై తొమ్మిదేళ్ళు వచ్చినా కళ్ళజోడు పెట్టుకోమంటే మాత్రం దెబ్బలాటకు వస్తుంది.

ఆవిడ అన్న యలమందయ్య ఇల్లు రెండు గడపల అవతల. అన్నాచెల్లెళ్ళిద్దరూ కోటప్పకొండ మొక్కుకు పుట్టినవాళ్ళు, ఆ కొండ కింది ఊరు యలమంద, అందుకే ఆ పేర్లు. యలమందయ్య నేసే కొంగు మీద చిలకలుండేవి. మామూలు చిలకలు కావు, నడుస్తూ నడుస్తూ ఎవరో పిలిస్తే వెనక్కి చూసే చిలకలు. బొమ్మకు దారాలెత్తే జాకార్డు పెట్టె లేదు, దానికి తొడిగే చిల్లుల అట్టలు లేవు, కాగితం మీద గీసుకున్న లెక్క లేదు. సన్నటి వెదురుపుల్లతో పడుగు దారాల్ని ఎత్తి, ఆ సందులో రంగుదారపు కండె దూర్చి, వరస మీద వరసగా చిలకను పుట్టించేవాడు. "కాగితం మీద పెడితే ఎవడైనా నేస్తాడు, అందులో గొప్పేముందిరా" అనేవాడు. ఆ పొగరే కొంప ముంచింది. పోయిన వేసవిలో ఆయన గుండె ఆగి చనిపోయాడు. చిలక కూడా ఆయనతోనే పోయిందని పేటంతా అన్నారు.

ఆ మాట కోటేశ్వరికి ముల్లులా దిగింది. ముప్పై ఏళ్ళు ఆ మగ్గం పక్కన కూర్చుని, తెగిన దారాలు అతుకుతూ, కండెలు అందిస్తూ బతికింది తను. ఒక్క చిలకను బతికించుకోలేదా? వదిన రాఘవమ్మను అడిగి అన్న మగ్గం మీద పడుగెక్కించింది. అన్న కాళ్ళు పెట్టిన గుంటలోనే కాళ్ళు పెట్టి, అన్న కూర్చున్న పీట మీదే కూర్చుంది. తోక వచ్చింది, పొట్ట వచ్చింది, రెక్క కూడా ముచ్చటగా వచ్చింది. మెడ దగ్గరకు వచ్చేసరికి దారాలు అడ్డం తిరిగాయి. ఎటు ఎత్తినా మెడ తిరగలేదు. ఏడుసార్లు విప్పి ఏడుసార్లు నేసింది. ఏడుసార్లూ మెడ లావుగా పొడుచుకొచ్చి, చిలక కాస్తా కోడిపెట్ట అయి కూర్చుంది.

ఆవిడ మొగుడు చలమయ్య జన్మంతా సాదా పంచెలే నేసినవాడు. ఒకసారి వచ్చి చూసి, "ఇగురు పెట్టుకుందామా?" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. అప్పుడు ఆయనక్కూడా సంగతి ముదిరిందని అర్థమైంది.

అన్న చేతుల్ని మళ్ళీ చూసే దారి ఒక్కటే మిగిలింది. తొమ్మిదేళ్ళ కిందట షాహిస్తా అనే అమ్మాయి హైదరాబాదు నుంచి పెద్ద కెమెరా తెచ్చుకుని, రెండు రోజులు ఆ ఇంట్లోనే భోంచేస్తూ యలమందయ్య నేతంతా తీసుకెళ్ళింది. దాన్ని యూట్యూబులో పెట్టింది. ఆయన పోయాడని తెలిసి, ఆ వీడియో లింకును కోటేశ్వరి ఫోనుకు పంపింది. కోటేశ్వరి అప్పుడప్పుడు తెరిచి చూసుకునేది. అరచెయ్యంత ఫోనులో అన్న వేళ్ళు చీమలంత కనిపించేవి. పెద్ద తెర మీద చూస్తే మెడ గుట్టు తెలుస్తుందని, ఒక మంగళవారం పొద్దున్నే స్టేషను రోడ్డులో బిందుమాధవి నెట్ సెంటరుకు వెళ్ళింది.

బిందుమాధవికి ముప్పై నాలుగేళ్ళు. ఆధార్ ప్రింట్లు, హాల్ టిక్కెట్లు, పాస్‌పోర్టు ఫొటోలు అన్నీ ఒంటిచేత్తో లాగించే మనిషి. ఫోను తీసుకుని చూసి, కనుబొమలు ముడిచింది.

"పిన్నిగారూ, ఇది మీ దగ్గర దాచుకున్నారా?"

"ఫోన్లో ఉందిగా అమ్మాయ్!"

"ఫోన్లో లేదండీ. ఇది దారి మాత్రమే. వీడియో ఆ అమ్మాయి ఛానెల్లో ఉంది. కింద చూడండి, ఏం రాసిందో."

షాహిస్తా కింద రాసిన నాలుగు ముక్కలూ బిందుమాధవి చదివి వినిపించింది. ఈ నెలాఖరుతో ఛానెల్ మూసేస్తున్నాను, ఇందులో కనిపించినవాళ్ళూ, కావలసినవాళ్ళూ వీడియోలు దించి దాచుకోండి అని ఉంది. నెలాఖరు ఎల్లుండే. ఇన్నాళ్ళూ నడుముకు కట్టుకు తిరిగానని కోటేశ్వరి అనుకున్నది అసలు తన దగ్గరే లేదు. ఎల్లుండి దాటితే అన్న చేతులు రెండోసారి పోతాయి.

"తియ్యవే తల్లీ, ఉన్నపళంగా తియ్యి," అంది.

బిందుమాధవి తీసింది. ఎండాకాలం, నెట్టు నీరసంగా ఉంది, బయట జనం ఉన్నారు. త్వరగా అయిపోవాలని చిన్న సైజుది దించేసింది. పది నిమిషాల్లో యలమందయ్య కంప్యూటరులోకి వచ్చేశాడు. వేళ్ళు కదులుతున్నాయి, పుల్ల లేస్తోంది, తోక, పొట్ట, రెక్క. మెడ దగ్గరకు రాగానే దారాలన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి గంజిలా అలుక్కుపోయాయి. ఎడమ పక్కనుంచి ఏదో నల్లటి నీడ వచ్చి పోయింది. కోటేశ్వరి ముఖం వాడిపోయింది.

"ఇంతకంటే బాగా రాదా?"

"వస్తదండీ. చూడండి, నంబర్లున్నాయి. మూడొందల అరవై అని ఉందే, అదే మనం తీసింది. పైన ఏడొందల ఇరవై, వెయ్యిన్నీ ఎనభై, రెండువేల నూట అరవై ఉన్నాయి."

కోటేశ్వరి కుర్చీలో నిటారుగా కూర్చుంది. నంబర్లంటే ఆవిడకు ఒకరు చెప్పాలా? నలభయ్యో నంబరు నూలు మోటు, నూరో నంబరు సన్నం, నూట ఇరవై అయితే ఉంగరంలో దూరే చీర.

"నంబరు పెరిగే కొద్దీ సన్నమేగా?"

"అంతేనండీ."

"మరి నాకు మోటుది తీసిచ్చావేందే? అన్నిటికంటే పైది తియ్యి."

పైదంటే మాటలా? కంప్యూటరులో ఖాళీ లేదు. బిందుమాధవి తన పెళ్ళి నాటి పాటలూ, ఎప్పుడో దాచుకున్న సినిమాలూ ఒక్కొక్కటే చెరిపేసింది. ఎందుకు చెరుపుతోందో ఆమెకే తెలియదు. ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళు చూస్తే చెరపకుండా ఉండలేకపోయింది. దించడం మొదలైంది. నూటికి ఒకటి, రెండు, మూడు. కోటేశ్వరి అన్నానికి వెళ్ళలేదు. అరవై రెండు దగ్గర కరెంటు పోయింది. అయిపోయిందనుకుని ఆవిడ కొండకు దణ్ణం పెట్టింది. గంటకు కరెంటు వచ్చింది. తెగిన చోటు నుంచే మళ్ళీ మొదలైతే, "తెగిన కొస దానంతటదే వెతుక్కుందా!" అని ఆవిడ నోరు తెరిచేసింది. ముప్పై ఏళ్ళు కొసలు వెతికిన మనిషికి అదెంత గొప్పో తెలుసు.

సాయంత్రం నాలుగింటికి బొమ్మ వచ్చింది, మాట రాలేదు. ఇంత పెద్ద నంబరైతే బొమ్మ వేరుగా, మాట వేరుగా వస్తాయనీ, తర్వాత రెంటినీ అతకాలనీ బిందుమాధవి చెప్పింది. "అతుకుదువుగానిలే, ముందు చూపించు," అంది కోటేశ్వరి.

తెర నిండా యలమందయ్య. చెంప మీద నెరిసిన గడ్డం పరక పరకా కనిపిస్తోంది. పడుగు మీద సాయంత్రపు ఎండ పడి దారం దారం వేరుగా మెరుస్తోంది. బతికున్నప్పుడు కూడా కోటేశ్వరి అన్నను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. మెడ దగ్గరకు రాగానే, "ఆపు!" అని కేకేసి, బొడ్లోంచి మడతభూతద్దం తీసింది. బట్టలో అంగుళానికి ఎన్ని దారాలున్నాయో లెక్కపెట్టే అద్దం అది. దాన్ని తీసుకెళ్ళి కంప్యూటరు తెరకు ఆనించి కన్ను పెట్టింది.

మరుక్షణం వెనక్కి పడబోయింది.

"బిందూ! ఇందులో మా అన్న లేడే!"

బిందుమాధవి పరుగెత్తుకొచ్చింది. అద్దంలో చిలక లేదు, పుల్ల లేదు, వేళ్ళు లేవు. ఎరుపు, పచ్చ, నీలం, మూడే మూడు రంగుల నలుసులు బారులు తీరి ఉన్నాయి. పొద్దుటినుంచీ పడ్డ పాటంతా పాడైపోయిందనుకుంది కోటేశ్వరి. బిందుమాధవి నవ్వు ఆపుకుని పక్కన కూర్చుంది.

"పాడు కాలేదండీ. ఏ బొమ్మైనా తెర మీద అంతే. ఈ తెరకు అడ్డంగా పంతొమ్మిది వందల ఇరవై చుక్కలు, నిలువునా వెయ్యిన్నీ ఎనభై. ఒక్కో చుక్కలో ఆ మూడు రంగులే. అవే కలిసి మనకు బొమ్మవుతాయి."

కోటేశ్వరి మళ్ళీ కన్ను పెట్టింది. ఈసారి చాలాసేపు తియ్యలేదు. నిలువు వరసలు, అడ్డ వరసలు. ఒక్క చుక్క వరస తప్పలేదు, ఒక్క కొస తెగలేదు. అద్దం తీసి దూరం జరిగితే అన్న. అద్దం పెడితే మూడు రంగులు. తీస్తే అన్న, పెడితే రంగులు.

"నేసిందేనన్నమాట ఇది," అంది నెమ్మదిగా. "పడుగు, పేక. మూడు రంగులతో మా అన్నని నేశారు. ఎవరు కనిపెట్టారే తల్లీ ఇంత పని!"

గుళ్ళో హారతి కళ్ళకద్దుకున్నట్టు తెరను ముట్టుకుని కళ్ళకద్దుకుంది. బిందుమాధవి పదేళ్ళుగా ఆ తెర ముందు కూర్చుంటోంది. ఆ రోజే మొదటిసారి దాన్ని సరిగ్గా చూసింది.

తర్వాత బొమ్మను పెద్దది చేసి, ఒక్కో అడుగే ముందుకు జరుపుతూ చూపించింది. యలమందయ్య వేళ్ళు పుల్లను ఎత్తాయి. ఎత్తి, ఆగిపోయాయి. అంతవరకే. ఆయన చెయ్యి మెడ దగ్గర ఏమీ చెయ్యలేదు. పొద్దున చిన్న వీడియోలో నల్లటి నీడలా వచ్చింది చూశారే, అది ఎడమ పక్కనుంచి మళ్ళీ వచ్చింది. ఈసారి అది నీడ కాదు, చెయ్యి. మణికట్టు మీద గంజి పొంగి కాలిన మచ్చ ఉంది. ఆ చెయ్యి చిటికెనవేలితో మూడు దారాలు కిందికి నొక్కి, చూపుడువేలితో రెండు పైకి లాగి, ఆ సందులో కండె దూర్చి వెళ్ళిపోయింది. కన్ను మూసి తెరిచేంతలో చిలక వెనక్కి తిరిగి చూసింది.

కోటేశ్వరి తన మణికట్టు కేసి చూసుకుంది.

అంతలో అతకడం అయిందని బిందుమాధవి మాట కూడా కలిపి పెట్టింది. ఇన్నాళ్ళూ అన్న గొంతు వినే గుండె లేక, ఫోనులో మాట తీసేసి చూసేది కోటేశ్వరి. ఇప్పుడు వద్దనడానికి కూడా తెలివి లేదు. ముందు తన గొంతే వినిపించింది. చెయ్యి మెడ తిప్పుతుంటే నోరు వంటింటి వైపు అరుస్తోంది. "వదినా, చింతపండు నానేశావా? ఉండు, నేనొస్తన్నా!" అని లేచి వెళ్ళిపోయింది. ఆ వెంటనే అన్న గొంతు. కెమెరా పట్టుకున్న అమ్మాయితో, తగ్గు స్వరంతో, నవ్వుతూ చెబుతున్నాడు.

"చూశావా అమ్మా? చిలక నాదేగాని, మెడ నాది కాదు. మా చెల్లెలిది. నా చేతికి రాదది. అది పక్కన కూర్చుని తిప్పితేనే తిరిగిద్ది. ఎట్టా తిప్పుద్దో దానికే తెలవదు, కబుర్లలో పడి చేసేస్తది. చెబితే వేలు తడబడిద్దని నేనెప్పుడూ చెప్పలా."

కోటేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్న కోసం ఏడాదిగా ఆగిన ఏడుపు అంతా ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషమే ఎక్కువుంది. ముప్పై ఏళ్ళు తను ఉత్త పక్కన కూర్చునే మనిషిననే అనుకుంది.

బిందుమాధవి ఆ వీడియోను రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి ఇచ్చింది. తన కంప్యూటరులో ఉన్నదాన్ని చెరపనని, ఎవరడిగినా చెరపనని చెప్పింది. వీడియో భద్రంగా దాచామని షాహిస్తాకు కూడా కబురు పెట్టింది.

మర్నాడు పొద్దున చలమయ్య పంచె మగ్గం దగ్గరకు పోబోతుంటే కోటేశ్వరి చెయ్యి పట్టుకుని అన్న ఇంటికి లాక్కుపోయింది. సంగతంతా విని ఆయన, "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ యవ్వారం," అన్నాడు. అన్నాడేగాని కళ్ళు తుడుచుకున్నాడు.

"నా పీట అది కాదు, అందుకే మెడ తిరగలా," అంది ఆవిడ. "నువ్వు అన్న పీట మీద కూర్చో."

"నేనా? పంచెలోణ్ణి, నాకు చిలకలేం వస్తాయే?"

"తోక, పొట్ట, రెక్క నేను లెక్క చెబుతా, నువ్వు ఎత్తు. మెడ దగ్గర ఆపెయ్యి."

చలమయ్య బెదురుతూనే గుంటలో కాళ్ళు పెట్టాడు. కోటేశ్వరి మగ్గానికి ఎడమ పక్కన, ఎప్పుడూ కూర్చునే చోట చతికిలబడింది. మధ్యాహ్నానికి రెక్క అయింది. చలమయ్య పుల్ల ఎత్తి ఆగాడు. ఆవిడ చెయ్యి చాచింది, వేళ్ళు తడబడ్డాయి. అన్న చెప్పింది నిజమే. చూసుకుంటూ చేస్తే రావడం లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత చెయ్యి పడుగు మీద వదిలేసి, వంటింటి వైపు తిరిగి గొంతెత్తింది.

"వదినా! ఇయ్యాల ఏం కూర వండావు?"

"దోసకాయ పప్పే," అంది రాఘవమ్మ లోపల్నుంచి. "ఏం, తింటావా?"

"తినకేం? నెయ్యి ఎక్కువెయ్యి, నిరుటి ఆవకాయుంటే అది కూడా..."

"కోటేశ్వరీ," అన్నాడు చలమయ్య. "ఇటు చూడవే. తిరిగింది."