వరంగల్ తూకానికి నలుగురం

వరంగల్‌లో బాక్సింగ్ పోటీలకు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. కాదు, అబద్ధం. పద్మారావు నగర్‌లో నన్ను తాతా అని పిలిచే మా పక్కింటి మెర్సీ పోటీకి వెళ్తుంటే, వాళ్లమ్మ సుశీల టీచర్ మగతోడు రమ్మంది. మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డలమ్మే నా దోస్తు యాదగిరికి బాక్సింగ్ పిచ్చి. పిలవకుండానే వెంట వచ్చాడు.

ఉదయం ఏడింటికి సికింద్రాబాద్‌లో రైలెక్కాం. జనరల్ టికెట్టే, కిటికీ పక్కన కూర్చోవాలంటే అరగంట ముందే ప్లాట్‌ఫాం మీద ఉండాలి. మార్చి ఎండలో మెర్సీ స్వెటర్ వేసుకుని కూర్చుంది. నిరుడు నలభై ఎనిమిది కిలోల విభాగంలో తనే ఛాంపియన్. పదకొండింటికి తూకం. కావాలంటే అక్కడే పై విభాగానికి, అంటే యాభై ఒకటికి, పేరు మార్చుకోవచ్చు.

"రింగ్ పక్కన కూసొని వంద పోటీలు చూసిన. ఛాంపియన్ ఉన్న కాడనే ఉండాలె," అన్నాను. రింగ్ పక్కన చూసినవి రెండు. మిగతావన్నీ యాదగిరి ఇంట్లో టీవీలోనే.

"పిల్ల పెరుగుతున్నది. అంగి పొట్టిగైతే అంగి మారుస్తరు గానీ చేతులు కోస్తరా? యాభై ఒకటికి పోవాలె," అన్నాడు యాదగిరి.

"ఆడ పొడుగు పోరిలుంటరు. ఉన్న పేరు పోగొట్టుకుంటదా?"

"మూడు దినాల సంది తిండి బంద్ పెట్టింది. నీళ్లు సుత గుటకల లెక్కన తాగుతున్నది, చెమట పోయి తూకం తగ్గాలని స్వెటరేసింది. గిట్ల ఎన్నేండ్లు?"

సుశీల టీచర్ చదువుతున్న బైబిల్ మూసింది. "అది ఈస్టర్ ముందు ఉపవాసం కదండీ?"

యాదగిరి నాలుక కరచుకున్నాడు. తన కూతురు ఈ ఏడు ఉపవాసాలు నిష్ఠగా ఉంటోందని ఆమె పోయిన ఆదివారమే చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పిందట.

మెర్సీ కిటికీలోంచి చూపు తిప్పలేదు. "తూకం కోసమంటే తినమంటవని చెప్పలే మమ్మీ."

"తినమనను. తూకానికైతే తూకానికనే చెప్పు. ప్రభువు పేరు అడ్డం పెట్టకు."

రైలు జనగామ దాటింది. తర్వాత మెర్సీయే అడిగింది: "నలభై ఎనిమిదిల నేను ఛాంపియన్. యాభై ఒకటిల నేనెవరు తాతా?"

అంతసేపు వాదించుకున్న మా ఇద్దరి మాట కోసం ఆగకుండా, తను స్వెటర్ విప్పింది. తల్లి ఒళ్లోని డబ్బా అందుకుని ఎనిమిది ఇడ్లీలు తింది. సరే, నాలుగు.

స్టేషన్ నుంచి ఆటోలో స్టేడియానికి పదిన్నరకు చేరాం. తనే వెళ్లి యాభై ఒకటిలో పేరు రాయించుకుంది. మధ్యాహ్నం మొదటి పోటీలోనే కరీంనగర్ అమ్మాయి చేతిలో పాయింట్ల మీద ఓడింది. మూడో రౌండ్‌లోనూ కాళ్లు వణకలేదు. ఇందులో కల్పన లేదు.

సాయంత్రం తిరుగు రైల్లో, ఎదుటి సీటాయన మెర్సీ వాచిన కన్ను చూసి ఏమైందన్నాడు.

"జర్రంతల గోల్డ్ మెడల్ పోయింది," అన్నాను.

"లేదంకుల్, మొదటి బౌట్‌లనే ఓడిపోయిన. యాభై ఒకటికి కొత్త," అంది మెర్సీ. సుశీల టీచర్ కూతురి వైపు చూసి, తడిగుడ్డ మడిచి ఆ కన్ను మీద అద్దింది.

వరంగల్ వెళ్లేవారు కోట, వేయి స్తంభాల గుడి తప్పక చూడండి. మేమూ చూశామని రాద్దామనుకున్నాను గానీ, ఆ పిల్ల పక్కన కూర్చుని వచ్చాక రాయబుద్ధి కాలేదు.