తగవు పడితేగానీ డీడు రాయని మావయ్య

లోకంలో లాయర్లంతా తగవులు తీర్చి బతుకుతారు. మా మావయ్య తగవులు పెట్టి బతికాడు. కలిసి వ్యాపారం చేస్తామని ఎవరొచ్చినా, తన ఎదుట ఒకసారి గట్టిగా పోట్లాడుకుంటే తప్ప పార్ట్‌నర్‌షిప్ డీడు రాసేవాడు కాదు. జనం ఆయన్ని ‘పుల్లల ప్లీడరు’ అనేవారు. ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన మేనకోడల్ని కాబట్టి నన్ను ‘అగ్గిపెట్టె’ అనేవారు.

ఒకసారి ఇద్దరు స్నేహితులు సైకిల్ షాపు పెడతామని భుజాల మీద చేతులేసుకుని వచ్చారు.

“బోర్డు మీద ఎవరి పేరు ముందు?” అన్నాడు మావయ్య.

“వాడిదే.”

“కాదండీ, వీడిదే.”

“ఇంత మర్యాదైతే కష్టమయ్యా. వెళ్లి తగవు పడి రండి.”

మర్నాడు ఇద్దరూ వచ్చారు, ఒకడి చొక్కా చిరిగి ఉంది. మావయ్య మొహం వెలిగిపోయింది.

తర్వాత కేకుల దుకాణం పెడతామని తోడికోడళ్లిద్దరు వచ్చారు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. వ్యాపారంలో దిగితే ఇల్లు రెండు ముక్కలవుతుందని ఇంట్లోవాళ్లు అప్పటికే బెదిరించారట. పెద్దావిడ నా చెవిలో, “దుకాణం పోయినా ఫరవాలేదమ్మా, నా చెల్లెలు నాకు దూరం కాకూడదు,” అంది.

మావయ్య ఆవిడతోనే మొదలుపెట్టాడు. “మీరు లేనప్పుడు ఈవిడ పెద్ద ఓవెన్ కొనేసిందనుకోండి?”

“కొననివ్వండి, మా చెల్లెలే కదా.”

“భాగస్వామి సంతకం పెడితే మీరు పెట్టినట్టే. అప్పు తీరకపోతే మీ సొంత ఆస్తిదాకా వస్తారు.”

పెద్దావిడ ఇబ్బందిగా కదిలింది. “నన్ను అడక్కుండా ఎందుకు కొంటుంది?”

“అడిగితే ఎప్పుడు ఒప్పుకున్నావక్కా?” అంది చిన్నావిడ. “మిక్సీకి మూడేళ్లు పట్టింది!”

“ఆ మిక్సీని నెలకే తగలేసిందెవరు?”

ఇక చూడాలి! మిక్సీ దగ్గర మొదలై తాళాలు ఎవరి దగ్గరుండాలి, ఒకరు తప్పుకుంటే దుకాణం పేరు ఎవరిది అనేదాకా వెళ్లారు. మావయ్య కుర్చీలో ముందుకు జరిగి, “అలా ఊరుకుంటారేంటమ్మా!” అని ఎగదోస్తున్నాడు. వాళ్లు అరుచుకుంటూ తేల్చుకున్నవన్నీ నేను రాసుకున్నాను. పెద్ద ఖర్చుకు ఇద్దరి సంతకాలు ఉండాలి. పేరు దుకాణంలో మిగిలినవాళ్లది.

చివరికి ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

“నిక్షేపంలాంటి కాపురంలో నిప్పులు పోశావు కదా మావయ్యా!”

“ష్! ఇటు రా,” అని కిటికీ దగ్గరికి లాక్కెళ్లాడు.

కింద వీధిలో చిన్నావిడ అంటోంది: “ఎంత పాపిష్టి మనిషక్కా!”

“మన మధ్య పుల్లలు పెట్టడానికి వాడెవడే? దుకాణం పెట్టి చూపిద్దాం పద!”

మలుపు తిరిగేదాకా చేతులు పట్టుకుని మరీ తిట్టారు.

“ఇద్దరూ కలిసి నన్ను తిడుతున్నారుగా, ఇక టైపు చెయ్యి,” అన్నాడు మావయ్య. “తగవు ఇక్కడ అయిపోతే ఇంటిదాకా వెళ్లదమ్మాయ్. మధ్యలో నాకు నాలుగు తిట్లు పడితే పోయేదేముంది?”

కొన్నేళ్లకు, మోకాళ్ల నొప్పులతో పెద్దావిడ దుకాణం నుంచి తప్పుకుంది. ఆ కాగితాలు రాయించుకోవడానికి ఇద్దరూ కలిసే వచ్చారు. మావయ్య ఆశగా ముందుకు జరిగాడు.

“మరి దుకాణం పేరు...”

“అది ఆ రోజే తేలిపోయింది కదండీ!” అని సంతకాలు చేసి, ఆయన చేతిలో కేకు పెట్టె పెట్టి వెళ్లిపోయారు. పాపం మావయ్య డీలా పడ్డాడు. నేను కిటికీ తెరిచాను.

“ముసలాయనకి ఇంకా బుద్ధి రాలేదక్కా!”

మావయ్య కేకు నములుతూ నావైపు గర్వంగా చూశాడు. ఆయన మేనకోడల్నని చెప్పుకోవడం నాకు అంతకు రెట్టింపు గర్వం. ఇప్పుడు ఆ కుర్చీ నాది, ఆ కిటికీ నాది. ఈమధ్య జనం నన్ను కూడా బాగానే తిడుతున్నారు.