పన్నెండో భాగంలో కాటా చీటీ

మా వియ్యంకుడుగారు పోయారన్న కబురు పొద్దున్నే మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "నాన్నా, మామయ్యగారు ఇక లేరు" అని, "నువ్వు కంగారుపడి బండి మీద రాకు, బస్సులో రా" అంది. నందిగామ నుంచి జగ్గయ్యపేట ఎంతో దూరం కాదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా ఏం ఆలోచించానా అని తర్వాత గుర్తుచేసుకుంటే, ఒక గుర్రం గురించి ఆలోచించానని తేలింది. మనిషి పోయిన రోజున గుర్రం గోలేమిటని మీరనుకోవచ్చు. ఆయన్ని ఎరిగినవాళ్ళు అనుకోరు.

ఆయనకు గరికపాడు వెళ్ళే దారిలో, హైవే పక్కన లారీ కాటా ఉండేది. సరుకుతో సహా లారీని ఎక్కించి తూచే వేబ్రిడ్జి అన్నమాట. ఆ కాటా గదిలో, తూకం చీటీలు ఇచ్చే కిటికీ పక్కన, బొమ్మల నవలలు ముందేసుకుని చదువుతుండేవారు. అన్నీ ఒకే రచయితవి. కథా ఆయనదే, బొమ్మలూ ఆయనవే. మేమంతా 'మా రచయిత' అనుకునే ఆ మనిషి పన్నెండు భాగాలుగా వేసిన 'ఉప్పుకొండ రాణి' మీలో కొందరు చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపుల్లో చదివే ఉంటారు. మళ్ళీ అచ్చు కాలేదు. అందుకే మాలాంటివాళ్ళు పాత కాగితాల కొట్ల చుట్టూ తిరుగుతుంటాం.

నెలకో ఆదివారం నందిగామ బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో, వెనక బల్ల దగ్గర మేం కలుస్తాం. ఆటో విడిభాగాల షాపు మస్తాన్, వత్సవాయి నుంచి వచ్చే టీచరమ్మ, నేను, ఇంకో ఇద్దరు ముగ్గురు. సహకార బ్యాంకులో గుమాస్తాగా రిటైరైన నాకు నెలలో మిగతా రోజులన్నీ ఆ ఆదివారం కోసమే ఉన్నట్టుండేవి. ఐదో భాగంలో రాణి నల్లగుర్రం జీను ఎర్రగా ఉండి, మూడు పేజీల తర్వాత ఆకుపచ్చగా ఎందుకు మారింది అనే విషయం మీద మేం ఇప్పటికీ ఒక మాట మీదకు రాలేదు. రచయిత కావాలనే మార్చాడని, అందులో ఏదో గూఢార్థం ఉందని నా వాదన. "గూఢార్థం లేదు, గాడిదగుడ్డూ లేదు గురూ. ప్రెస్సులో ఎర్రరంగు అయిపోయుంటది" అని మా వియ్యంకుడుగారు బల్ల చరిచేవారు. ఆయన ఆ బల్ల దగ్గరకు మొదటిసారి వచ్చిన రోజునే మేం పోట్లాడుకున్నాం. సాయంత్రానికి ఇద్దరం 'గురూ' అంటే 'గురూ' అనుకునేదాకా వచ్చాం.

ఆయన దగ్గర దేనికైనా ఒకటే కొలత. "ముందు ఖాళీ బండి తూచాలి. అప్పుడేగా సరుకెంతో తెలిసేది" అనేవారు. ఎవరైనా కొత్త బొమ్మల నవల పట్టుకొస్తే, "బొమ్మలు తీసేసి చూడండి. కథెంత తూగిద్దో చెప్పండి" అని అడిగేవారు. చాలా పుస్తకాలు ఆ పరీక్షకే కూలిపోయేవి. మా రచయిత విషయంలో మాత్రం, "ఈయన బండి ఖాళీగా ఉన్నా బరువే" అని నవ్వేవారు. పుస్తకం పట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అది చాలదన్నట్టు మళ్ళీ చొక్కాకు తుడుచుకునేవారు. ఆ చొక్కా మీద లారీ గ్రీజు ఉండేది.

మా అమ్మాయికి, ఆయన కొడుక్కి సంబంధం అనుకోవడం ఆ బల్ల దగ్గరే జరిగింది. "కలుపుకునేది పిల్లల్నా, పుస్తకాల్నా?" అని మస్తాన్ ఎగతాళి చేశాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. నా దగ్గర ఏడో భాగం లేదు. ఆయన దగ్గర పన్నెండో భాగం లేదు. నేను ఏడోది చిన్నప్పుడు ఒకసారి చదివాను, బొమ్మలు మళ్ళీ చూడాలని మాత్రమే నా ఆశ. ఆయన సంగతి వేరు. పన్నెండోది ఆయన చేతికి అందకముందే అద్దె షాపు మూతబడింది. పదకొండో భాగం చివర నల్లగుర్రం రాణిని గట్టున దించి వరదలోకి జారిపోతుంది. అది బతికిందో లేదో తెలియకుండానే ఆయన పెద్దవాడయ్యారు, పెళ్ళి చేసుకున్నారు, కొడుక్కి పెళ్ళీడు వచ్చింది. నా పన్నెండోది ఫొటోలు తీసి ఫోన్లో పంపిస్తానంటే, "ఫోన్లో గుర్రం బొద్దింకంత కనపడుద్ది. వద్దు" అన్నారు.

నిశ్చితార్థానికి కొద్ది రోజుల ముందు కంచికచర్లలో పాత కాగితాల కొట్లో నాకు పన్నెండో భాగం ఇంకో కాపీ దొరికింది. మా వాళ్ళలో అప్పివ్వడం ఉండదు, మార్చుకోవడమే. ఆ రోజే ఆయన ఏడోది తేవాలి, నేను పన్నెండోది ఇవ్వాలి అని ఫోన్లో అనుకున్నాం.

నిశ్చితార్థంలో తాంబూలాలు అందుకోబోతుంటే వాళ్ళ బంధువుల్లో ఒక పెద్దాయన, "మరి లాంఛనాల సంగతేంటి?" అని కదిపాడు. మా వియ్యంకుడుగారు లేచి నిలబడ్డారు. "మాకేం వద్దు. బావగారింటి నుంచి కాగితమ్ముక్క కూడా నా గడప తొక్కడానికి వీల్లేదు" అన్నారు. అందరూ శభాష్ అన్నారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు ఆయన చూపు నా ఒళ్ళో ఉన్న గుడ్డ సంచి మీద పడింది. ఏదో అనబోయి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు.

అమ్మాయిని కాపురానికి పంపినప్పుడు సారెలో అరిసెల అడుగున పన్నెండో భాగం పెట్టి పంపాను. అరిసెలు ఉంచుకుని పుస్తకం మా అల్లుడి చేత వెనక్కి పంపించారు. "నాన్న ముట్టుకోలేదు మామయ్యా. చేతులు మాత్రం కడుక్కున్నాడు" అన్నాడు అల్లుడు. పోనీ ఏడోదైనా నేను తెచ్చుకుందామంటే మా ఆవిడ ఊరుకోలేదు. "పిల్లనిచ్చిన ఇంటి నుంచి చిటికెడు ఉప్పయినా తెచ్చుకుంటామా? పుస్తకమట, పుస్తకం!" అంది.

పుస్తకాల సంగతి అలా ఉంచండి. అసలు పోయింది స్నేహం. పెళ్ళయ్యాక ఆయన నన్ను 'గురూ' అనడం మానేశారు. "రండి బావగారూ, దయచేయండి బావగారూ" మొదలైంది. హోటల్ బల్ల దగ్గర కూడా నేనేమంటే దానికి తలూపేవారు. ఒకసారి జీను రంగు ప్రస్తావన వస్తే, "బావగారు చెప్పారంటే గూఢార్థమే అయ్యుంటదండీ" అన్నారు. మస్తాన్ తెల్లబోయి చూశాడు. నాకు నిజంగా బాధేసింది. మర్యాద ఇచ్చి మనిషిని తీసుకెళ్ళిపోయారే అనిపించింది.

దారి చూపింది ఆయన భార్య, మా చెల్లెమ్మ. ఒకరోజు మా ఇద్దరికీ కాఫీ ఇస్తూ, "ఇంటికి రానివ్వనన్నారు సరే. వాళ్ళింటికెళ్ళి చదవనని అన్లేదుగా? అన్నయ్యగారు తీసుకెళ్ళకూడదు సరే. ఇక్కడ కూర్చుని చదవకూడదని ఎవరన్నారు?" అంది. మేం మొహాలు చూసుకున్నాం. ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

అప్పటి నుంచి నేను జగ్గయ్యపేట వెళ్తే ఏడో భాగం, ఆయన నందిగామ వస్తే పన్నెండో భాగం. ఆడపిల్ల తండ్రి ఆ ఇంట్లో ఎక్కువసేపు కూర్చోకూడదు కాబట్టి కాఫీ ఉన్నంతసేపే చదువు. ఆయన ఎదురుగా కూర్చుని నేను ఏ పేజీలో ఉన్నానో నా మొహం చూసి పసిగట్టేవారు. "మంత్రగత్తె నీడ చూసావా గురూ? చూళ్ళా? వెనక్కి తిప్పు. ఏం చదువయ్యా నీది!" అని కసిరేవారు. నేనూ తగ్గేవాణ్ణి కాదు. కప్పు కింద పెట్టగానే ఆయన పుస్తకం లాక్కుని, ఒక పాత కాటా చీటీ గుర్తుగా పెట్టి మూసేసేవారు. "ఇక చాలు బావగారూ. మిగతాది మళ్ళీ వచ్చినప్పుడు" అనేవారు. కాఫీ ఉన్నంతసేపే మేం గురువులం, తర్వాత మళ్ళీ బావగార్లం.

మగపిల్లవాడి తండ్రి ఊరికే వియ్యంకుడి ఇంటికి రాకూడదు కదా, ఆయనకు ప్రతిసారీ ఒక వంక కావాలి. "కంచికచర్లలో పనుండి వచ్చా. దారేగా అని ఆగా" అనేవారు. ఆ పని ఏమిటో నేనెప్పుడూ అడగలేదు. తీరా కూర్చున్నాక మా ఆవిడ మర్యాదలు అడ్డొచ్చేవి. ఒకసారి గారెలు వేసి, తినేదాకా ఎదురుగా నిలబడింది. చేతికి నూనె అంటిందని ఆయన ఆ రోజు పుస్తకం తెరవనే లేదు, దూరం నుంచి అట్ట చూసి వెళ్ళిపోయారు. అందుకే పన్నెండోదాంట్లో ఆయన పెట్టుకున్న కాటా చీటీ నత్తనడక నడిచింది. నా ఏడోది ముందే అయిపోయింది. చివరి పేజీ తిప్పి మూస్తుంటే, "అయిపోయిందా? అయితే ఇక మీరు రారా?" అని అడిగారు. ఆయనే చీటీ తీసి మొదటి పేజీలో పెట్టి, "రెండోసారి చదివితేగాని అర్థం కాదులెండి మీకు" అన్నారు. నేను ఇప్పటికీ రెండో చదువులోనే ఉన్నాను.

హోటల్లో మాటలు పన్నెండో భాగం వైపు మళ్ళితే ఆయన ఠక్కున లేచేవారు. "కిళ్ళీ కట్టించుకొస్తా" అని బయటికి వెళ్ళేవారు. ఆయనకు కిళ్ళీ అలవాటు లేదు, తెచ్చి మస్తాన్‌కిచ్చేవారు. మేం గుర్రం గురించి గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం. కాసేపటికి తలుపు పక్క నుంచి తల మాత్రం లోపలికి పెట్టి, "అయిందా?" అని అడిగేవారు. "అయిందండీ, రండి" అని మస్తాన్ పిలిస్తేనే వచ్చి కూర్చునేవారు.

ఆయన ఒంట్లో బాగోక విజయవాడ ఆసుపత్రి చుట్టూ తిరిగి ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్ళాను. గుడ్డ సంచిలో పన్నెండో భాగం పట్టుకెళ్ళాను. ఆయన మంచం మీద నుంచే సంచిని పోల్చుకున్నారు.

"మిగిలింది కొన్ని పేజీలే. ఎవరికీ చెప్పనులే" అన్నాను.

"మాటంటే మాటేగా బావగారూ."

"పోనీ నోటితో చెప్పనా? ఆ గుర్రం..."

రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నారు. చేతులు సన్నబడిపోయి ఉన్నాయి. "నోరెత్తారంటే సంబంధం రద్దు చేసుకుంటా" అన్నారు. చెల్లెమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. బస్సు టైమైందని లేస్తుంటే నా సంచి కొస పట్టుకున్నారు.

"బాగయ్యాక నేనే వస్తా గురూ. చీటీ తియ్యబాక" అన్నారు.

పెళ్ళి నాటి నుంచి కాఫీ కప్పు చేతిలో లేకుండా ఆయన నన్ను గురూ అనడం అదే మొదలు. బస్సెక్కాక కూడా ఆ మాట ఒకటికి రెండుసార్లు లోపల అనుకుని చూసుకున్నాను.

పెద్దకర్మ రోజున చెల్లెమ్మ ఏడో భాగం తెచ్చి నా ముందు పెట్టింది. "ఇంకా ఏం పట్టింపులన్నయ్యగారూ, తీసుకెళ్ళండి" అంది. అక్కడే ఉండనివ్వమన్నాను. నాకు ఆ ఇంటికి వెళ్ళడానికి ఒక వంక ఉండాలి. పన్నెండోది మా బీరువాలో ఉంది, చీటీ ఎక్కడిదక్కడే ఉంది. గుర్రం సంగతి ఇక్కడా రాయను.

మొన్న ఆదివారం మళ్ళీ కలిశాం. మాటల్లో మాటగా పదకొండో భాగం అయిపోయి పన్నెండోది వచ్చింది. అలవాటు చొప్పున అందరం ఆగాం. "ఇప్పుడు మాట్లాడుకోవచ్చేమో కదండీ" అంది టీచరమ్మ. సరేనన్నాం. వరద గురించి, గుర్రం గురించి, చివరి బొమ్మ గురించి మాట్లాడుకున్నాం. ఎవరూ వినడానికి లేకపోయినా గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం. చెప్పుకోవాల్సింది అయిపోయింది. మస్తాన్ తలుపు వైపు తిరిగి, "అయిందండీ, రండి" అన్నాడు.