కోసేసిన ఏడు నిమిషాలు

మా మేనమామ సినిమా హాల్లో ముప్ఫయ్యేళ్ళు ఆపరేటరుగా పనిచేశాడు. అందరూ రీలు మామయ్య అంటారు. వారం రోజులుగా ఆయన కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. కుర్చీలోంచి లేస్తాడు, ఎందుకు లేచాడో మరిచిపోయి మళ్ళీ కూర్చుంటాడు. "కాళ్ళకి చక్రాలు కట్టుకున్నారా?" అని అత్తయ్య విసుక్కుంది.

అసలు సంగతి నాకొక్కడికే చెప్పాడు. ఆదివారం ఫిల్మ్ క్లబ్ వాళ్ళు ఒక పాత ప్రయోగాత్మక చిత్రం వేస్తున్నారు. పాత మెషిను ఆడించడం తెలిసినవాడని మామయ్యనే పిలిచారు. భార్య పోయిన మనిషి ఒక గదిలో గడిపిన ఒక్క రోజే ఆ సినిమా. పాటల్లేవు, మాటలు పదో పన్నెండో. అప్పట్లో మూడు రోజులాడి ఎత్తేశారు. హీరో మా పక్క వీధి కళ్ళజోళ్ళ షాపాయన. ఆయన మళ్ళీ నటించలేదు.

అందులో ఏడు నిమిషాల షాటొకటి ఉంది. హీరో పక్క వేసి రెండు దిళ్ళు పెడతాడు. ఒకటి తీస్తాడు. కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ అక్కడే పెడతాడు. ఏడవడు, నిట్టూర్చడు. మొదటి రోజు జనం ఈలలేసి గోల చేశారు. మేనేజరు మెట్లెక్కి మెషిను గదిలోకొచ్చి, "అది లేపెయ్" అన్నాడు. మామయ్య కోసేశాడు. జనం ఓపిక పట్టని చోట కోసెయ్యడం ఆ రోజుల్లో మామూలే. అయితే ఆ ముక్క పారెయ్యడానికి చెయ్యి రాలేదు. డబ్బాలో దాచుకుని, సెలవు రోజుల్లో కిటికీ వెలుగులో ఒక్కో బొమ్మా చూసుకునేవాడు. తన కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి మాత్రం బస్సెక్కి ఎక్కడికో పోయేవాడు.

"మా హాల్లో ఆడిన ప్రింటే వస్తోంది. గుట్టుచప్పుడు కాకుండా అతికించేస్తానురా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "అతికించు మామయ్యా. కానీ ముందు ఆ షాపాయనకి చెప్పు."

శనివారం పొద్దున ఇద్దరం బయల్దేరాం. షాపు ముందు నుంచి రెండుసార్లు దాటిపోయాడు. మూడోసారి నేనే రెక్క పట్టుకుని లోపలికి లాగాను. డబ్బా బల్ల మీద పెట్టి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాడు.

అద్దం తుడుస్తున్న షాపాయన చెయ్యి ఆగిపోయింది. "నువ్వా కోసింది?"

"నేనేనన్నా."

"రెండో రోజు మా అమ్మని తీసుకెళ్ళాను. ఆ షాట్ రాలేదు. నాకు చేతకాలేదని డైరెక్టరే తీయించేశాడనుకున్నాను. సిగ్గేసి ఆయన్ని మళ్ళీ కలవలేదు. తర్వాత రెండు సినిమాలకి పిలిచినా పోలేదు."

మామయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "ముప్ఫయ్యేళ్ళు సినిమాలు ఆడించానన్నా. అంత బాగా చేసినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు."

షాపాయన డబ్బా మూత తీయలేదు. "ఆ మాటేదో ఆ రోజే మెట్లు దిగొచ్చి చెప్పుంటే సరిపోయేది కదయ్యా" అన్నాడు.